అత్తయ్య గొంతుతో పరీక్ష

నా చెవుల గురించి నేనే చెప్పుకోకూడదు గానీ, చెప్పేవాళ్ళు ఇప్పుడు పక్కన ఎవరూ లేరు కాబట్టి చెప్తున్నాను: చాలా మంచి చెవులు. పక్కింటి కుళాయి సరిగ్గా కట్టెయ్యలేదని మా వంటింట్లోంచి చెప్పగలను. మా ఆయన టాక్సీ వీధి మలుపులో ఉండగానే, బ్రేకు వేసిన తీరును బట్టి ఆయన సరదాగా వస్తున్నాడో చిరాగ్గా వస్తున్నాడో చెప్పగలను. పెళ్ళైన కొత్తలో ఈ సంగతి కనిపెట్టింది మా వదిన, అంటే మా ఆయన అక్క. "అమ్మయ్య, తమ్ముడికి పెళ్ళి చేసినందుకు నాకో పనికొచ్చే వస్తువు దొరికింది" అంది. ఆవిడ మెచ్చుకోలు అలాగే ఉంటుంది.

వదిన కార్లకు యాంప్లిఫయర్లు తయారుచేస్తుంది. తెలియనివాళ్ళ కోసం చెప్తాను. కారు ముందుభాగంలో పాటలు పెట్టే పెట్టె ఉంటుంది, తలుపుల్లో స్పీకర్లుంటాయి. ఆ పెట్టె గొంతు బలహీనం. సీటు కిందో డిక్కీలోనో బిగించిన ఇంకో పెట్టె ఆ గొంతుకు బలమిచ్చి స్పీకర్లకు అందిస్తుంది. అదే యాంప్లిఫయర్. బలమివ్వడం ఏ పెట్టెకైనా చేతనవుతుంది. ఏమీ కలపకుండా, ఏమీ మింగెయ్యకుండా, ఉన్నదాన్ని ఉన్నట్టు ఇవ్వడమే గగనం. ఇక డబ్బా మీద అచ్చువేసే వాట్ల అంకెలంటారా, అవి ఎంత పెద్దవైనా వేసుకోవచ్చు. అడిగేవాడు లేడు, అడిగినా చెప్పేవాడు లేడు.

మా ఇంటి ముందున్న కారు షెడ్డులో సగం వదిన వర్క్‌షాపు. మిగిలిన సగంలో టాక్సీ మూతి వరకే పడుతుంది, వెనక భాగం వీధిలో ఉంటుంది. ఆ టాక్సీయే మా ప్రయోగశాల కూడా. మా ఆయన పొద్దున్నే బేరానికి బయల్దేరబోయేసరికి వెనక సీటు ఊడి గోడకు ఆనించి ఉంటుంది.

"అక్కా, ఈ రోజైనా నా బండి నాకిస్తావా? లేకపోతే ప్యాసింజర్లని ఒళ్ళో కూర్చోబెట్టుకోమంటావా?" అంటాడాయన.

"ఒళ్ళో కూర్చోబెట్టుకో. పాట బాగా వినపడుతుంది" అంటుంది వదిన, తల ఎత్తకుండానే.

వదిన చెయ్యడం, నేను వినడం. ఇదీ మా పని. ఆవిడ లోపల ఒక తీగ మారుస్తుంది. నేను టాక్సీలో కూర్చుని కళ్ళు మూసుకుని విని, గొంతు ముందుకొచ్చిందనో, తాళం మొద్దుబారిందనో చెప్తాను. బాగోలేదంటే వదిన వెంటనే నమ్ముతుంది. బాగుందంటేనే నమ్మదు.

"నువ్వు మరదలివే. ఇంట్లోవాళ్ళ మెప్పు లెక్కలోకి రాదు" అంటుంది.

"అదేంటి వదినా! నా చెవులు కూడా నీకు మరదళ్ళేనా?"

"మొన్న నా జుట్టు కత్తిరించుకుంటే బాగుందన్నావు."

"నిజంగానే బాగుంది వదినా."

"చూశావా? అదే నేను చెప్పేది."

ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది. ఏళ్ళ తరబడి నా చెవులు అరగదీసి ఇచ్చిన తీర్పులన్నీ ఆవిడ దృష్టిలో ఇంటి ఆడపిల్ల మీద ఆప్యాయత. అంతే!

ఇక అసలు విషయం. వదిన ఇదివరకు పనిచేసిన ఫ్యాక్టరీవాళ్ళు ఆవిణ్ణి మళ్ళీ రమ్మన్నారు. అది ఇక్కడికి చాలా దూరంలో ఉన్న వేరే నగరం. పరీక్షల విభాగానికి ఆవిడే పెద్ద, సొంత గది, మంచి మీటర్లు. వదిన వాళ్ళకు ఇంకా మాటివ్వలేదు. ఊళ్ళో కార్లకు సౌండు బిగించే షాపుల్లోకెల్లా పెద్ద షాపు ఒకటుంది. ఆ షాపు పెద్దాయన ఈసారి తను బిగించే కార్లన్నిటికీ ఒకే యాంప్లిఫయర్ ఎంచుకుంటానన్నాడు. ఎందరివో పరీక్ష పెట్టి, చివరికి ఇద్దరివి మిగిల్చాడు. అందులో ఒకటి మాది.

"మనది తీసుకుంటే ఇక్కడే ఉంటాను. తీసుకోకపోతే వెళ్ళిపోతాను. ఊరికే తమ్ముడి షెడ్డు ఆక్రమించుకుని ఎన్నాళ్ళుంటాను?" అంది వదిన. అప్పటికే పనిముట్లన్నీ ఇనప్పెట్టెలో సర్దేసింది. తీగలు అతికే సోల్డరింగ్ ఐరన్ ఒక్కటి మాత్రం బల్ల మీద ఉంచింది. అదీ పెట్టెలోకి పోతుందేమోనని రోజూ వచ్చి చూసుకునేదాన్ని. వదిన లేకపోతే ఆ ఇంట్లో నేను ఎవరితో పోట్లాడాలి? మా అత్తగారికి ఎదురు చెప్పే ధైర్యం లేదు. మా ఆయన పోట్లాటకు పనికిరాడు, రెండో మాటకే క్షమాపణ చెప్పేస్తాడు.

షాపు పెద్దాయన పరీక్ష పెట్టే తీరు విచిత్రంగా ఉంటుంది. తను వినడు. తయారుచేసినవాళ్ళచేతే వినిపించి, వాళ్ళచేతే తీర్పు చెప్పిస్తాడు. ఒక్కో పక్షం నుంచి ఒక్కో మనిషి వచ్చి కారులో కూర్చోవాలి. రెండు యాంప్లిఫయర్లూ డిక్కీలో గుడ్డ కింద ఉంటాయి. ఏది ఎవరిదో చెప్పరు. ఒకటో నంబరు, రెండో నంబరు అంటారు, అంతే. విన్నాక దిగొచ్చి ఆయన చెవిలో నంబరు చెప్పాలి. ఇద్దరూ ఒకే నంబరు చెబితే ఆ యాంప్లిఫయర్‌కే ఆర్డరు. చెరొకటి చెబితే ఎవరికీ ఇవ్వడు, వచ్చే సీజన్‌లో మళ్ళీ పరీక్ష. అప్పటిదాకా వదిన ఆగుతానంది.

"ఎవరిది వాళ్ళు గుర్తుపట్టి దానికే ఓటేసుకుంటారు కదండీ?" అని నేను ముందే అడిగాను.

"గుర్తుపట్టమనే చెప్తున్నానమ్మా. చాలామంది అక్కడే పడతారు" అని నవ్వాడాయన.

నేను పడను. ఎందుకంటే మా యాంప్లిఫయర్‌కు ఒక ఆనవాలుంది. పాటకూ పాటకూ మధ్య ఏమీ మోగనప్పుడు, స్పీకర్ దగ్గర చెవి పెడితే సన్నగా బుస వినిపిస్తుంది. బయటివాళ్ళకు తెలియదు, మా ఇద్దరికే తెలుసు. వదిన దాన్ని వదిలించుకోవాలని నెలల తరబడి తంటాలు పడింది, అది పోలేదు. నాకు మాత్రం ఆ బుస మీద మమకారం పెరిగిపోయింది. "ఉండనీ వదినా, చీకట్లో కూడా మన పిల్లని పట్టేసుకుంటాను" అన్నాను. వదిన నా వంక అదోలా చూసింది.

మాతో పోటీకి నిలిచినాయన్ని అందరూ బేస్ బాబాయ్ అంటారు. భారీ మనిషి, భారీ మనసు, ఆయన తయారుచేసే పెట్టెలు అంతకన్నా భారీ. పాట వింటుంటే బేస్ అనే ఆ లోతైన మోత వీపు మీద గుద్దినట్టుండకపోతే అది పాటే కాదంటాడు. ఆయన కారు సందులోకి వస్తే ఇళ్ళ కిటికీలన్నీ మాట్లాడతాయి. ఆయన యాంప్లిఫయర్ తళతళలాడే వెండి రంగు, దాని మీద ఎర్ర దీపాలు. మాది మా గేటుకు వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు.

పరీక్ష రోజు నేను లేచేసరికి వదిన అప్పటికే షెడ్డులో ఉంది. పెట్టె మూత బిగిస్తోంది.

"ఏం చేశావు వదినా? దాన్నిప్పుడు కెలక్కు!"

"స్క్రూ వదులైంది. బిగించాను" అంది. సోల్డరింగ్ ఐరన్ వాసన వేస్తూనే ఉంది గానీ, ఆ రోజు నా కంగారులో ఇల్లు కాలినా వాసన పట్టేదాన్ని కాను.

షాపు షెడ్డు పెద్దది. షట్టర్లన్నీ పైకెత్తి ఉన్నాయి. నేల మీద గ్రీజు మరకలు, గోడకు తలుపు ప్యానెళ్ళు, మూలన చుట్టలు చుట్టిన తీగలు. మధ్యలో షాపువాళ్ళ సొంత కారు, ఇంజను నడుస్తూ ఉంది. పాటలు వినేది బండి నడుస్తుండగా కాబట్టి ఇంజను ఆపి వింటే అది పరీక్షే కాదంటాడు పెద్దాయన. నేనా మాటకు చప్పట్లు కొట్టబోయాను. చవకబారు యాంప్లిఫయర్ సంగతి తేలేది అక్కడే. యాక్సిలేటర్ తొక్కితే పాట వెనకాల కుయ్‌మని ఏడుపు మొదలవుతుంది.

షాపు టెక్నీషియన్ మీటరు పట్టుకుని డిక్కీ దగ్గర నిలబడ్డాడు. బీప్ అనే ఒకే శబ్దం పెట్టి, రెండు యాంప్లిఫయర్ల నుంచీ స్పీకర్లకు సరిసమానంగా అందేలా తిప్పి తిప్పి కుదిర్చాడు. ఇది చెయ్యకపోతే పరీక్ష వృథా. రెండిట్లో ఏది వెంట్రుకవాసి గట్టిగా మోగినా చెవి దాన్నే బాగుందంటుంది. నా చెవులైనా సరే. ఈ పని జరుగుతున్నంతసేపూ బేస్ బాబాయ్ అసహనంగా పచార్లు చేశాడు.

"గట్టిగా మోగడమూ ఒక గుణమే కదండీ! దాన్ని ఎందుకు కోసేస్తారు?" అని గునిశాడు.

ముందు ఆయనే ఎక్కాడు. కారు కొంచెం కుంగింది. కిటికీల్లోంచి ఆయన తల ఊగడం కనిపించింది. ఒకటి అన్నాడు టెక్నీషియన్, తల ఊగింది. రెండు అన్నాడు, తల ఇంకా జోరుగా ఊగింది, చెయ్యి డాష్‌బోర్డు మీద దరువేసింది. దిగి వచ్చేటప్పుడు ఆయన ముఖం వెలిగిపోతోంది. పెద్దాయన చెవిలో ఏదో చెప్పి, మా వైపు తిరిగి జాలిగా నవ్వాడు. తన పెట్టెను ఆయన గుర్తుపట్టేశాడని నాకు అర్థమైపోయింది.

నా వంతు. ఇలాంటి పరీక్షకు కూర్చోవాలని నేనెన్నాళ్ళనుంచి కలలు కన్నాను! వదిన షట్టరు పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. "బాగా విను" అంది.

ఎవరికి వాళ్ళు ఒక రికార్డింగు తెచ్చుకోవచ్చు. నేను పాట తేలేదు. పాటలు తియ్యగా ఉంటాయి, మోసం చేస్తాయి. నేను తెచ్చింది మా అత్తగారి గొంతు. ఒకసారి వదిన కుడిఎడమలు విడివిడిగా పట్టే మంచి మైకు ఒకటి తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టి చూస్తుంటే, బల్ల నిండా తీగలు చూసి అత్తయ్య మా ఇద్దరినీ తిట్టిపోసింది. మొత్తం రికార్డయింది. అత్తయ్య గొంతు రోజూ వింటాను. దాంట్లో ఏది తగ్గినా, ఏది పెరిగినా నాకు తెలియకుండా పోదు.

తలుపు వేసుకున్నాను. "ఒకటి" అన్నాడు టెక్నీషియన్.

ఇంకా ఏమీ మొదలు కాలేదు. స్పీకర్‌కు చెవి ఆనించాను. స్... సన్నగా, చల్లగా, అదే బుస. నా గుండె ఎగిరి గంతేసింది. దొరికావే పిల్లా! ఒకటో నంబరు మాది. తర్వాత అత్తయ్య గొంతు వచ్చింది. బాగానే ఉంది. నిజం చెప్పాలంటే కొంచెం లావుగా అనిపించింది, జలుబు చేసినప్పటిలా. యాక్సిలేటర్ తొక్కాను, ఏడుపేమీ లేదు. సరే, కంగారులో నా చెవులే అలా ఉన్నాయేమో అనుకున్నాను.

"రెండు" అన్నాడు.

చెవి ఆనించాను. ఏమీ లేదు. బుస లేదు, గాలి లేదు, అసలు స్పీకర్ ఉందా అన్నట్టుంది. ఆ నిశ్శబ్దంలో పొయ్యి గట్టు మీద గరిటె పెట్టిన చప్పుడు. అది కారు ముందు అద్దానికి ఎడమవైపు, మా భోజనాల బల్ల దగ్గర వంటిల్లు ఉండే వైపున, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా వినిపించింది. తర్వాత అత్తయ్య తిట్టబోయే ముందు పీల్చే ఊపిరి. ఆ ఊపిరి రికార్డయిందని నాకు అంతవరకూ తెలియదు! అప్పుడు మొదలైంది.

"ఈ తీగలు తీస్తారా, వీటి మీదే వడ్డించమంటారా? ఇద్దరికి ఇద్దరూ సరిపోయారు. ఏమ్మా కోడలుపిల్లా, నీకే చెప్తున్నా!"

"తీస్తున్నా అత్తయ్యా!" అని అరిచాను.

అరిచాక గానీ నేనెక్కడున్నానో గుర్తు రాలేదు. రెండు చేతులూ డాష్‌బోర్డు మీద ఉన్న వస్తువులు పక్కకు జరుపుతున్నాయి. వెనక నుంచి టెక్నీషియన్ పగలబడి నవ్వాడు. నాకు ఒళ్ళంతా పులకరించింది. ఇంత నిజం ఏ స్పీకర్‌లోనూ వినలేదు. ఇంకోసారి పెట్టమన్నాను. ఇంకోసారీ వీపు నిటారైంది. యాక్సిలేటర్ తొక్కాను, అత్తయ్య కోపం తప్ప ఇంకో శబ్దం లేదు. ఆనందంతో నవ్వేస్తున్నాను, చప్పట్లు కొడుతున్నాను. ఎంత గొప్పగా చేశాడు ఈ బేస్ బాబాయ్!

అప్పుడు గుర్తొచ్చింది. బేస్ బాబాయ్.

చప్పట్లు ఆపేశాను. ఒకటో నంబరు మాది. రెండోది ఆయనది. ఆయనది మాకన్నా బాగుంది, చాలా బాగుంది.

కారు దిగి పెద్దాయన దాకా నడవాలి. ఆ కాస్త దూరంలో నా బుర్ర ఎన్ని వేషాలు వేసిందో చెప్పలేను. బాబాయ్ తనదే అయిన రెండో నంబరు చెప్పి ఉంటాడు. నేను ఒకటి అన్నాననుకో, తీర్పు తేలదు. వచ్చే సీజన్ దాకా వదిన ఉంటుంది. ఎవరికీ నష్టం లేదు, ఎవరికీ తెలియదు. ఒకటి. ఎంత చిన్న మాట! రెండు అన్నాననుకో, నా నోటితో నేనే వదినని రైలెక్కించినట్టు.

వదిన నా వైపు చూడటం లేదు. షట్టరు గాడిలో బొటనవేలితో తుప్పు గీకుతోంది. ఆవిడ మాట నా చెవిలో గంట కొట్టింది. ఇంట్లోవాళ్ళ మెప్పు లెక్కలోకి రాదు. నేనిప్పుడు ఒకటి అంటే ఆ మాట నిజమైపోతుంది. ఇన్నేళ్ళూ నేను చెప్పిన ప్రతి తీర్పూ వట్టి మరదలి మాటగా మిగిలిపోతుంది. పైగా అత్తయ్యకు జవాబు చెప్పించిన పెట్టెను బాగోలేదనడానికి నాకు నోరెలా వస్తుంది?

"రెండు" అన్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెద్దాయన నా ముఖంలోకి వింతగా చూశాడు.

"ఇద్దరూ ఒకే మాట చెప్పారు. రెండో నంబరు!" అని ప్రకటించాడు.

బేస్ బాబాయ్ చిన్నపిల్లాడిలా గెంతాడు. "చెప్పలా! నా బిడ్డ గొంతు నాకు తెలీదా? ఆ దెబ్బ చూశారా, ఆ బిగువు చూశారా?" అంటూ కనిపించిన వాళ్ళందరి చేతులూ ఊపేశాడు. నేను వదిన దగ్గరికి వెళ్ళలేక తీగల చుట్టల పక్కన నిలబడిపోయాను.

టెక్నీషియన్ డిక్కీలో గుడ్డ తీశాడు. రెండో నంబరు తీగను వేలితో పట్టుకుని, అది ఎక్కడికి పోతుందో అందరికీ చూపించాడు. తీగ వెండి పెట్టెను దాటుకుని వెళ్ళింది. వెళ్ళి ఆకుపచ్చ పెట్టె దగ్గర ఆగింది.

"అది మాది కాదా?" అన్నాడు బాబాయ్.

"అది మాదా?" అన్నాను నేను.

పరుగున వెళ్ళి తీగను నేనూ పట్టుకుని చూశాను. ఆకుపచ్చే. మా గేటు రంగే. "మరి బుస? ఒకటో దాంట్లో బుస ఉంది కదా!"

"మా దాంట్లో బుసేంటమ్మాయ్?" అన్నాడు బాబాయ్ నొచ్చుకుంటూ.

"ఉంది బాబాయ్. నువ్వెప్పుడూ గట్టిగా పెడతావు కాబట్టి నీకది వినపడే అవకాశం రాలేదు."

ఆయన వెళ్ళి మళ్ళీ కారెక్కాడు. రెండో నంబరు పెట్టమని టెక్నీషియన్‌ని బతిమాలాడు. కాసేపటికి కిటికీలోంచి తల బయటపెట్టి వదినతో, "అమ్మా, ఆ బేస్ అంత బిగువుగా ఎలా తీశావమ్మా? మా ఇంటికొచ్చి చెప్పాలి నువ్వు, లేదా నేనే మీ షెడ్డుకొస్తాను" అన్నాడు. ఓడిపోయిన మనిషి అంత సంతోషంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

పెద్దాయన వదినతో ఆర్డరు సంగతులు మాట్లాడి చెయ్యి కలిపాడు. వదిన ఆయన చెప్పినదానికల్లా తలూపింది గానీ కళ్ళు నా మీదే ఉన్నాయి. బయట మా ఆయన టాక్సీ హారను ఆగకుండా మోగుతోంది. ఎవరో ఆయనకు వార్త చేరేసినట్టున్నారు. వదిన నన్ను షట్టరు పక్కకు లాగింది.

"బుస పొద్దున తీసేశాను. లోపల ఎర్త్ వైరు వేరే చోట బిగిస్తే పోయింది. నిన్నటిదాకా ఆ సంగతే తట్టలేదు" అంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు వినవు. మనది ఎక్కడుందా అని వెతుకుతావు." వదిన గొంతు నాకు బాగా తెలుసు. ఆ గొంతు వణకడం అదే మొదటిసారి. "ఇప్పుడు నిజం చెప్పు. ఎలాగోలా మనదని కనిపెట్టే రెండు అన్నావు కదూ?"

అబద్ధం చెప్పి గొప్ప కొట్టేసే అవకాశం నా ఒళ్ళో వచ్చి పడింది. ఇంత చెవి గలది ఊళ్ళో లేదనిపించుకోవచ్చు. కానీ అప్పటికే నోరు జారిపోయింది.

"లేదు వదినా. బాబాయ్‌దనుకున్నాను. నువ్వు వెళ్ళిపోతావని తెలిసి కూడా రెండు అన్నాను. ఏం చెయ్యను, అంత బాగుంది."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అక్కడే పడుకోబెట్టి ఉన్న పాత టైరు మీద కూలబడి రెండు చేతుల్తో ముఖం కప్పుకుంది. ఏడుస్తోందని కంగారుపడి వంగి చూస్తే, కన్నీళ్ళతో నవ్వుతోంది.

"ఇంకోసారి చెప్పు" అంది.

"బాబాయ్‌దనుకున్నాను వదినా."

"తర్వాతది?"

"అంత బాగుంది."

టాక్సీ ఎక్కేటప్పుడు మళ్ళీ అడిగింది. మా వీధి మలుపులో అడిగింది. షెడ్డులో ఇనప్పెట్టె తెరిచి పనిముట్లన్నీ బల్ల మీదకు తిరిగి సర్దుతూ అడిగింది. అడిగిన ప్రతిసారీ చెప్పాను.